ఫెర్రోవిద్యుత్ సిరామిక్‌ల నుంచి ఎలక్ట్రాన్ ఉద్గారం: ఒక చారిత్రక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

1. ఘనపదార్థాల నుంచి ఎలక్ట్రాన్లను వెలువరించే వివిధ పద్ధతులు, అవి వెలుగులోకి వచ్చిన క్రమం.
2. ఫెర్రోవిద్యుత్ పదార్థాల ఆవిష్కరణ, వాటి ఉపరితల ఆవేశాల స్వభావం.
3. ఫెర్రోవిద్యుత్ సిరామిక్‌ల ఉద్గారానికి ఇచ్చిన రెండు వివరణలు, వాటి మధ్య తేడాను తేల్చిన పరీక్ష.
4. బలహీన ఉద్గారానికి, బలమైన ఉద్గారానికి మధ్య గల భేదాలు.

1. ప్రస్తావన

గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరు మీకు తెలిసిందే. చాలా లైటర్లలో బ్యాటరీ ఉండదు. మీట నొక్కగానే స్ప్రింగుకు బిగించిన చిన్న సుత్తి ఒక సిరామిక్ ముక్కను కొడుతుంది. ఆ దెబ్బకు ముక్క రెండు కొసల మధ్య వేల వోల్టుల పొటెన్షియల్ భేదం ఏర్పడుతుంది. లైటరు మొనవద్ద ఉన్న సన్నని ఖాళీలో నిప్పురవ్వ పుడుతుంది. ఆ ముక్క సాధారణంగా లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పదార్థంతో చేసినది. ఇది ఫెర్రోవిద్యుత్ సిరామిక్‌ల కుటుంబానికి చెందుతుంది.

ఈ కుటుంబానికి చెందిన ఒక పలుచని బిళ్లను శూన్యంలో ఉంచి, దానిమీద వోల్టేజీ పల్స్‌ను ప్రయోగిస్తే ఏమవుతుంది? బిళ్ల ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. దీనికి వేడి చేయనవసరం లేదు, కాంతి ప్రసరింపజేయనవసరం లేదు. 1980ల చివర్లో ఈ ఉద్గారం ప్రతి చదరపు సెంటీమీటరుకు 100 ఆంపియర్ల వరకు చేరగలదన్న ఫలితాలు వెలువడ్డాయి. మామూలుగా బంధకాలుగా భావించే పదార్థాల నుంచి ఇంత విద్యుత్ ప్రవాహం రావడం భౌతిక శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది.

ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? సిరామిక్ ధ్రువణం తిరగబడటం వల్ల నేరుగా బయటికి నెట్టబడుతున్నాయా, లేక ఉపరితలం మీద మరేదో జరిగి దాని ద్వారా వస్తున్నాయా? దాదాపు పదేళ్లపాటు ఈ ప్రశ్న మీద వాదోపవాదాలు సాగాయి. ఒకే కొలతకు రెండు వివరణలు సరిపోతున్నట్లు కనిపించినప్పుడు వాటిలో ఏది సరైనదో ఎలా నిర్ణయించాలి అన్నది ఈ చరిత్ర మనకు నేర్పే ముఖ్య పాఠం. ఈ భాగాన్ని చదివేటప్పుడు ఆ విషయాన్ని మనసులో ఉంచుకోండి.

2. ఎలక్ట్రాన్లను వెలువరించే పాత మార్గాలు

లోహంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉన్నా అవి వాటంతట అవి బయటికి రావు. ఉపరితలం దాటడానికి కొంత శక్తి కావాలి. ఈ కనీస శక్తినే పని ప్రమేయం అంటాం. టంగ్‌స్టన్‌కు ఇది సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ అవరోధాన్ని దాటించే పద్ధతులు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి.

1887లో హైన్‌రిక్ హెర్ట్జ్ అతినీలలోహిత కాంతి పడినప్పుడు నిప్పురవ్వలు సులువుగా పుడుతున్నాయని గమనించాడు. 1905లో ఐన్‌స్టీన్ దీనికి క్వాంటం వివరణ ఇచ్చాడు. ఇది కాంతివిద్యుత్ ఉద్గారం. 1901లో ఓవెన్ రిచర్డ్‌సన్ వేడెక్కిన లోహం నుంచి వచ్చే ప్రవాహం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో సూత్రీకరించాడు. ఈ ఉష్ణోద్గారంపై చేసిన కృషికి ఆయనకు 1928 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అదే 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ బలమైన విద్యుత్ క్షేత్రం ఉంటే ఎలక్ట్రాన్లు అవరోధం పైనుంచి దూకకుండా దానిగుండా చొచ్చుకుని రాగలవని చూపారు. ఇది క్షేత్ర ఉద్గారం. దీనికి మీటరుకు 10⁹ వోల్టులకు పైబడిన క్షేత్రం అవసరం.

రిచర్డ్‌సన్ సూత్రం ప్రకారం లెక్కిస్తే 2500 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద టంగ్‌స్టన్ నుంచి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 ఆంపియరు మాత్రమే వస్తుంది. అంటే తెల్లగా కాలిన తీగ ఇచ్చే ప్రవాహం కన్నా గది ఉష్ణోగ్రత వద్ద ఉన్న సిరామిక్ బిళ్ల వందల రెట్లు ఎక్కువ ఇస్తుందని 1980ల చివర్లో ప్రకటించారన్న మాట. ఆ ప్రకటనకు అంత ఆదరణ ఎందుకు లభించిందో ఈ పోలికను బట్టి మీరు గ్రహించవచ్చు.

3. ధ్రువణం గల పదార్థాలు: టూర్మలైన్ నుంచి బేరియం టైటనేట్ వరకు

18వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చి వర్తకులు సింహళం నుంచి టూర్మలైన్ రాళ్లను యూరప్‌కు తీసుకువెళ్లారు. నిప్పుల్లో వేడిచేసిన ఈ రాయి బూడిదను తనవైపు లాక్కునేది. అందువల్ల దానికి బూడిదను లాగే రాయి అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఈ ఆకర్షణ విద్యుత్ సంబంధమైనదని 1756లో ఏపినస్ గుర్తించాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ దీనికి పైరోవిద్యుత్ అన్న పేరు వాడాడు. ఆ తరవాత 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను ఒత్తినప్పుడు వాటిమీద ఆవేశాలు ఏర్పడతాయని కనుగొన్నారు. ఇది పీజోవిద్యుత్ ప్రభావం. లైటరులో మనం వాడుకునేది దీన్నే.

1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణాన్ని పరిశీలిస్తుండగా ఒక కొత్త లక్షణం బయటపడింది. విద్యుత్ క్షేత్రాన్ని పెంచి తగ్గించినప్పుడు దాని ధ్రువణం వెనుకటి దారినే తిరిగి రాలేదు. ఇనుములోని అయస్కాంతీకరణ లాగే ఒక శైథిల్య వలయాన్ని గీసింది. క్షేత్రాన్ని పూర్తిగా తీసివేసినా కొంత ధ్రువణం మిగిలే ఉంది. వ్యతిరేక దిశలో క్షేత్రాన్ని ప్రయోగిస్తే ఆ ధ్రువణం తిరగబడింది. ఈ పోలికను బట్టే ఇలాంటి పదార్థాలకు ఫెర్రోవిద్యుత్ పదార్థాలు అన్న పేరు వచ్చింది. 'ఫెర్రో' అన్న మాట చూసి వీటిలో ఇనుము ఉంటుందని మీరు పొరబడకూడదు. ఫెర్రో అయస్కాంతత్వంతో గల పోలికను మాత్రమే అది సూచిస్తుంది.

రోషెల్ లవణం నీటిలో కరిగిపోతుంది, పెళుసుగా ఉంటుంది. అందువల్ల ఈ లక్షణం చాలాకాలం ఒక వింతగానే మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని మార్చింది. అప్పటి రేడియో పరికరాల కెపాసిటర్లలో అభ్రకం విరివిగా వాడేవారు. భారతదేశం అభ్రకం ఎగుమతిలో పేరు పొందిన దేశం. అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతపు గనులు కూడా అందులో భాగమే. యుద్ధకాలంలో ఓడల మీద వచ్చే సరఫరాలు నమ్మదగినవిగా లేకపోవడంతో అభ్రకానికి బదులుగా పనికివచ్చే, ఇంకా ఎక్కువ రోధక స్థిరాంకం గల పదార్థాల కోసం వెతుకులాట మొదలైంది. ఆ క్రమంలో అమెరికా, జపాన్, సోవియట్ యూనియన్‌లలో వేర్వేరుగా బేరియం టైటనేట్ లక్షణాలు వెలుగులోకి వచ్చాయి. దాని రోధక స్థిరాంకం 1000కి పైగా ఉంది. ఆ తరవాత ఇది ఫెర్రోవిద్యుత్ పదార్థమని నిర్ధారణ అయింది. ఇందులో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ఆర్థర్ వాన్ హిప్పెల్ బృందం ముఖ్య పాత్ర వహించింది.

బేరియం టైటనేట్‌ను కుండలు కాల్చినట్లు పొడిని అచ్చుగా నొక్కి కొలిమిలో కాల్చి తయారుచేయవచ్చు. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతల వద్ద దాని స్ఫటిక జాలకంలో టైటానియం అయాన్ మధ్య స్థానం నుంచి కొద్దిగా పక్కకు జరుగుతుంది. దీనివల్ల ప్రతి యూనిట్ కణానికి ఒక ద్విధ్రువ భ్రామకం వస్తుంది. 120 డిగ్రీలు దాటితే అయాన్ మళ్లీ సగటున మధ్య స్థానానికి చేరుతుంది. అప్పుడు ధ్రువణం మాయమవుతుంది. ఈ హద్దునే క్యూరీ ఉష్ణోగ్రత అంటాం. దీనికి పైన ఉన్న స్థితిని పారావిద్యుత్ ప్రావస్థ అంటాం. ఈ రెండు మాటలను గుర్తుంచుకోండి. ఈ చరిత్రలోని ముఖ్యమైన మలుపు వీటితోనే ముడిపడి ఉంది.

1950లలో లెడ్ జిర్కొనేట్ టైటనేట్ వచ్చింది. 1970 ప్రాంతంలో దానికి లాంథనమ్ కలిపి పారదర్శకమైన సిరామిక్‌ను తయారుచేశారు. ఎలక్ట్రాన్ ఉద్గార ప్రయోగాలలో ఎక్కువగా వాడినది ఈ లాంథనమ్ కలిసిన రకమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

(అ) ఫెర్రోవిద్యుత్ పదార్థాన్ని మామూలు రోధక పదార్థం నుంచి వేరుచేసే లక్షణం ఏది?
(ఆ) క్యూరీ ఉష్ణోగ్రతకు పైన బేరియం టైటనేట్‌లో వచ్చే మార్పు ఏమిటి?

4. తొలి సంకేతాలు: 1960 నుంచి 1984 వరకు

ధ్రువణం గల స్ఫటికపు ఒక ముఖం మీద ధన బద్ధ ఆవేశం, ఎదుటి ముఖం మీద రుణ బద్ధ ఆవేశం ఉంటాయి. అయినా స్ఫటికాన్ని ముట్టుకుంటే మనకు షాక్ కొట్టదు. గాలి నుంచి, స్ఫటికం లోపలి నుంచి వచ్చిన స్వేచ్ఛా ఆవేశాలు ఆ ముఖాలమీద చేరి బద్ధ ఆవేశాలను కప్పివేస్తాయి. వీటిని పరిహార ఆవేశాలు అనవచ్చు. ధ్రువణం నెమ్మదిగా మారితే పరిహార ఆవేశాలు కూడా దానితోపాటు సర్దుకుంటాయి. ధ్రువణం హఠాత్తుగా మారితే వాటికి ఆ వ్యవధి ఉండదు. అప్పుడు ఉపరితలం మీద లెక్క సరిపోని ఆవేశం మిగిలి, బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్లను బయటికి తోసే అవకాశం ఉంది.

ఈ ప్రభావానికి తొలి పరిశీలనగా ఆర్. సి. మిల్లర్, ఎ. సావేజ్ 1960లో బేరియం టైటనేట్ మీద చేసిన పనిని సాధారణంగా పేర్కొంటారు. 1974లో రోజెన్‌బ్లమ్, బ్రాయిన్‌లిక్, కారికో అనే ముగ్గురు పరిశోధకులు లిథియం నియోబేట్ స్ఫటికపు ఉష్ణోగ్రతను మార్చి దాని నుంచి ఎలక్ట్రాన్ల ఉద్గారాన్ని నమోదు చేశారు. ఇక్కడ ధ్రువణంలో మార్పు తెచ్చింది ఉష్ణోగ్రత. 1984లో సోవియట్ యూనియన్‌లో జి. రోజెన్‌మన్, ఆయన సహచరులు లెడ్ జర్మనేట్ ధ్రువణాన్ని విద్యుత్ క్షేత్రంతో తిప్పినప్పుడు వచ్చే ఉద్గారాన్ని పరిశీలించారు.

ఈ రకపు ఉద్గారంలో ప్రవాహ సాంద్రతలు చాలా స్వల్పం. చదరపు సెంటీమీటరుకు 10⁻¹² నుంచి 10⁻⁷ ఆంపియర్ల మధ్య ఉంటాయి. వీటిని కొలవాలంటే సున్నితమైన ఎలక్ట్రాన్ గుణకాలు కావాలి. స్ఫటికాల ఉపరితలాన్ని, డొమైన్‌ల కదలికను అధ్యయనం చేయడానికి ఇది మంచి సాధనమే. కాని ఎలక్ట్రాన్ పుంజాలను తయారుచేయడానికి ఇది పనికివస్తుందని ఎవరూ అనుకోలేదు.

5. సెర్న్ ప్రయోగాలు: 1988–89

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో కణ త్వరణ యంత్రాల కోసం శక్తిమంతమైన స్విచ్‌లు, ఎలక్ట్రాన్ జనకాలు అవసరమయ్యాయి. అక్కడ హెచ్. గుండెల్, హెచ్. రీగ్, కె. జియూటాస్, పోలండ్‌కు చెందిన జె. హాండెరెక్ తదితరులు లాంథనమ్ కలిసిన లెడ్ జిర్కొనేట్ టైటనేట్ బిళ్లలను పరీక్షించారు.

వారి అమరిక సులువైనది. పలుచని సిరామిక్ బిళ్ల వెనుక ముఖానికి పూర్తిగా లోహపు పూత ఉంటుంది. ముందు ముఖానికి గీతలుగానో, జల్లెడలాగానో లోహపు పూత ఉంటుంది. అంటే ముందు వైపు లోహం, ఖాళీ సిరామిక్ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. రెండు ముఖాల మధ్య అతి స్వల్ప కాలంపాటు కిలోవోల్టుల స్థాయి పల్స్ ప్రయోగిస్తారు. ముందు వైపున్న శూన్యంలో వెలువడిన ఎలక్ట్రాన్లను ఒక గ్రాహకం సేకరిస్తుంది. ఎలక్ట్రాన్లను లాగడానికి బయటి నుంచి వోల్టేజీ లేకపోయినా అవి శక్తితో వెలువడ్డాయి. 1989లో ప్రచురించిన ఫలితాలు, ఆ వెంటనే వచ్చినవి ప్రపంచవ్యాప్తంగా ఆసక్తిని రేపాయి. ఈ కేథోడ్‌కు వేడి అక్కరలేదు. అత్యుత్తమ శూన్యం కూడా అక్కరలేదు. ఎక్కువ వైశాల్యం గల బిళ్లలను చవకగా తయారుచేయవచ్చు.

సెర్న్ బృందం ఇచ్చిన వివరణ సూటిగా ఉంది. పల్స్ వల్ల ధ్రువణం వేగంగా మారుతుంది. అంతవరకు ధన బద్ధ ఆవేశాన్ని కప్పి ఉంచిన ఎలక్ట్రాన్లకు ఆధారం పోతుంది. ధ్రువణం తిరగబడితే వాటి కింద ఇప్పుడు రుణ ఆవేశం ఉంటుంది. అందువల్ల అవి వికర్షణకు గురై శూన్యంలోకి నెట్టబడతాయి.

ఇది ఎంతవరకు సాధ్యమో మీరే లెక్కించి చూడండి. ఇలాంటి పదార్థాలలో స్వయంసిద్ధ ధ్రువణం చదరపు సెంటీమీటరుకు సుమారు 25 మైక్రోకూలూంబ్‌లు ఉంటుందనుకుందాం. దీన్ని ఎలక్ట్రాన్ ఆవేశమైన 1.6 × 10⁻¹⁹ కూలూంబ్‌తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.6 × 10¹⁴ ఎలక్ట్రాన్లు వస్తాయి. ఇవన్నీ 100 నానోసెకన్లలో బయటికి వస్తే ప్రవాహ సాంద్రత 250 ఆంపియర్లు. ధ్రువణం పూర్తిగా తిరగబడితే అందుబాటులోకి వచ్చే ఆవేశం ఇందుకు రెట్టింపు. అంటే 100 ఆంపియర్ల ప్రవాహానికి కావలసినంత ఆవేశం ఉపరితలం మీద నిజంగానే ఉంది. ఈ లెక్క వివరణకు గట్టి బలాన్నిచ్చింది.

అయితే ఒక విషయం గమనించండి. ఆవేశం అందుబాటులో ఉందని ఈ లెక్క చెబుతుంది. కొలిచిన ఎలక్ట్రాన్లు ఆ ఆవేశమేనని మాత్రం చెప్పదు. సాధ్యం కావడానికి, జరగడానికి మధ్య గల ఈ తేడాను పూరించడానికి వేరే సాక్ష్యం కావాలి.

6. సందేహాలు, రెండో వివరణ

1990ల తొలినాళ్లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇవర్స్, షాక్టర్, నేషన్, కెర్స్లిక్ తదితరులు ఫెర్రోవిద్యుత్ కేథోడ్‌తో డయోడ్‌లను నిర్మించి పరిశీలించారు. 1993లో ప్రచురించిన వారి ఫలితాలలో ప్రవాహం చైల్డ్–లాంగ్‌మూర్ పరిమితిని ఎన్నో రెట్లు మించింది.

ఈ పరిమితి ఏమిటో గుర్తుచేసుకుందాం. కేథోడ్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు మధ్యలో ఆవేశపు మేఘంలా ఏర్పడి వెనుక వచ్చే ఎలక్ట్రాన్లను అడ్డుకుంటాయి. అందువల్ల డయోడ్‌లో ప్రవాహానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. అది వోల్టేజీ 3/2 ఘాతానికి అనులోమానుపాతంలోనూ, కేథోడ్–ఆనోడ్‌ల దూరపు వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. దూరం 1 సెంటీమీటరు, వోల్టేజీ 1000 వోల్టులు అయితే ఈ హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.07 ఆంపియరు. ఎలక్ట్రాన్లు విశ్రాంత స్థితి నుంచి బయలుదేరాయని, కేథోడ్ స్థానం మారదని, మధ్యలో ధన అయాన్లు లేవని ఈ సూత్రం భావిస్తుంది. కొలిచిన ప్రవాహం హద్దును మించితే ఈ మూడు భావనల్లో కనీసం ఒకటి తప్పి ఉండాలి.

ఉపరితలం మీద ప్లాస్మా ఏర్పడిందనుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు, ధన అయాన్లు కలిసిన వాహక వాయువు. అది ఆనోడ్ వైపు వ్యాపిస్తే కేథోడే ముందుకు జరిగినట్లవుతుంది. దూరం 1 సెంటీమీటరు నుంచి 1 మిల్లీమీటరుకు తగ్గితే హద్దు 100 రెట్లు పెరిగి సుమారు 7 ఆంపియర్లవుతుంది. పైగా ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు అప్పటికే స్వేచ్ఛగా ఉన్నాయి. వాటిని లాగడానికి ఘనపదార్థపు పని ప్రమేయాన్ని దాటించనక్కరలేదు.

మరి ప్లాస్మా ఎలా పుడుతుంది? 1995లో వి. పుచ్కరేవ్, జి. మెస్యాట్స్ దీనికి సమాధానం ప్రతిపాదించారు. శూన్యంలో విద్యుదుత్సర్గాలను దీర్ఘకాలం అధ్యయనం చేసిన శాస్త్రవేత్త మెస్యాట్స్. లోహపు గీత అంచు దగ్గర లోహం, సిరామిక్, శూన్యం మూడూ కలుస్తాయి. లోహం సిరామిక్‌కు ఎంత గట్టిగా అతుక్కున్నా అంచుల్లో సూక్ష్మమైన ఖాళీలు మిగులుతాయి. మీరు స్థిర విద్యుత్ శాస్త్రంలో చదివిన సరిహద్దు నియమాన్ని ఇక్కడ ఉపయోగించండి. సరిహద్దుకు లంబంగా ఉన్న విద్యుత్ స్థానభ్రంశం రెండు వైపులా సమానం. కాబట్టి ఖాళీలోని క్షేత్రం సిరామిక్‌లోని క్షేత్రానికి రోధక స్థిరాంకమన్ని రెట్లు ఉంటుంది. 1 మిల్లీమీటరు మందం గల బిళ్లమీద 1000 వోల్టులు ప్రయోగిస్తే సిరామిక్‌లో క్షేత్రం మీటరుకు 10⁶ వోల్టులు. రోధక స్థిరాంకం 1000 అయితే ఖాళీలో అది మీటరుకు 10⁹ వోల్టులకు చేరుతుంది. క్షేత్ర ఉద్గారం మొదలవడానికి ఇది చాలు.

అలా లోహపు అంచు నుంచి బయలుదేరిన తొలి ఎలక్ట్రాన్లు సిరామిక్ ఉపరితలాన్ని తాకుతూ సాగుతాయి. తాకిన చోట మరిన్ని ఎలక్ట్రాన్లను, ఉపరితలానికి అంటుకుని ఉన్న వాయు అణువులను విడుదల చేస్తాయి. ఆ వాయువు అయనీకరణం చెంది, పలుచని ప్లాస్మా పొర ఉపరితలం మీద పాకుతుంది. లైటరు మొనవద్ద గాలిలో పుట్టే నిప్పురవ్వకు ఇది దూరపు బంధువు. ఇక్కడ వాయువు బయటి నుంచి రాదు, ఉపరితలం నుంచే ఊడివస్తుంది.

ఈ రెండు వివరణల్లో ఏది సరైనదన్నది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు. ధ్రువణమే ఎలక్ట్రాన్లను నేరుగా నెడుతుంటే కేథోడ్ ఎక్కువకాలం మన్నుతుంది. స్ఫటికపు ధ్రువణాన్ని పెంచితే ప్రవాహం పెరుగుతుంది. ప్లాస్మా మూలమైతే ప్రతి పల్స్‌కూ లోహపు అంచులు, సిరామిక్ ఉపరితలం కొంత అరుగుతాయి. ప్లాస్మా ఆనోడ్‌ను చేరితే డయోడ్ షార్ట్ అవుతుంది, కాబట్టి పల్స్ కాలానికి హద్దు ఉంటుంది. త్వరణ యంత్రానికి కేథోడ్‌ను రూపొందించే ఇంజనీరు ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

7. తేల్చిన పరీక్ష

ఒక ఫలితానికి ఫలానా గుణమే కారణమని మనం అనుమానిస్తే, ఆ గుణాన్ని తీసివేసి ఫలితం నిలుస్తుందో లేదో చూడాలి. ఫెర్రోవిద్యుత్ సిరామిక్‌లో దీనికి సహజంగానే ఒక సదుపాయం ఉంది. క్యూరీ ఉష్ణోగ్రత దాటేలా వేడిచేస్తే అదే బిళ్ల, అవే ఎలక్ట్రోడ్‌లు, అదే పల్స్ ఉంటాయి. ధ్రువణం మాత్రం ఉండదు. లాంథనమ్ పాలును మార్చి గది ఉష్ణోగ్రత వద్దే స్థిరమైన ధ్రువణం లేని సిరామిక్‌ను కూడా తయారుచేయవచ్చు.

1990ల రెండో భాగంలో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌మన్, షుర్ తదితరులు, హైఫాలోని టెక్నియన్ సంస్థలో క్రాసిక్, డునేవ్‌స్కీ, ఫెల్‌స్టైనర్ తదితరులు ఈ దిశగా విస్తృతమైన ప్రయోగాలు చేశారు. 1984లో లెడ్ జర్మనేట్ మీద పనిచేసిన రోజెన్‌మనే ఈ బృందంలోనూ ఉన్నారని గమనించండి. ఫలితం స్పష్టంగా వచ్చింది. బలమైన ఉద్గారం ఫెర్రోవిద్యుత్ ప్రావస్థలోనే కాక పారావిద్యుత్ ప్రావస్థలోనూ కనిపించింది. బలహీన ఉద్గారం మాత్రం ఫెర్రోవిద్యుత్ ప్రావస్థకే పరిమితమైంది. బలమైన ఉద్గారంతోపాటు ప్లాస్మాకు గుర్తులైన కాంతి, ధన అయాన్లు కూడా నమోదయ్యాయి. ధ్రువణం నేరుగా ఎలక్ట్రాన్లను నెట్టడమే జరుగుతుంటే ధన అయాన్లు రావలసిన పని లేదు.

2000 సంవత్సరంలో రోజెన్‌మన్, షుర్, క్రాసిక్, డునేవ్‌స్కీ కలిసి ఈ రంగమంతటినీ సమీక్షిస్తూ ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. అందులో ఉద్గారాన్ని రెండు రకాలుగా విభజించారు. వాటి భేదాలను ఇలా గుర్తుంచుకోవచ్చు.

బలహీన ఉద్గారం: ప్రవాహ సాంద్రత చదరపు సెంటీమీటరుకు 10⁻¹² నుంచి 10⁻⁷ ఆంపియర్లు. ధ్రువణం మారడం వల్ల పరిహారం లేకుండా మిగిలిన ఉపరితల ఆవేశం దీనికి కారణం. ఫెర్రోవిద్యుత్ ప్రావస్థలోనే కనిపిస్తుంది.

బలమైన ఉద్గారం: ప్రవాహ సాంద్రత చదరపు సెంటీమీటరుకు 100 ఆంపియర్ల వరకు. ఉపరితల విద్యుదుత్సర్గం వల్ల ఏర్పడిన ప్లాస్మా దీనికి మూలం. ఫెర్రోవిద్యుత్, పారావిద్యుత్ ప్రావస్థలు రెండింటిలోనూ కనిపిస్తుంది.

దీన్నిబట్టి సెర్న్ కొలతలు తప్పని అనుకోకూడదు. ఆ ప్రవాహాలు నిజంగానే వచ్చాయి, ఇతర ప్రయోగశాలల్లోనూ వచ్చాయి. మారింది వాటి వివరణ. అలాగే సిరామిక్ స్వభావానికి ప్రమేయం లేదని కూడా అనుకోకూడదు. దాని అధిక రోధక స్థిరాంకమే లోహపు అంచుల్లో క్షేత్రాన్ని పెంచుతుంది. ధ్రువణం వేగంగా తిరగబడటం కూడా ఉత్సర్గాన్ని ప్రేరేపించగలదు. ఎలక్ట్రాన్ల చివరి మెట్టు మాత్రం ప్లాస్మా. అందువల్ల ఈ కేథోడ్‌లను ఇప్పుడు ఎక్కువ వైశాల్యం గల ప్లాస్మా కేథోడ్‌లలో ఒక రకంగా పరిగణిస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

(అ) 250 ఆంపియర్ల లెక్క మొదటి వివరణను ఎందుకు నిరూపించలేదు?
(ఆ) పారావిద్యుత్ ప్రావస్థలో చేసిన ప్రయోగం దేన్ని తేల్చింది?

8. మరో శాఖ: వేడిచేసిన స్ఫటికాలు

1974 నాటి లిథియం నియోబేట్ ప్రయోగం వేసిన దారి వేరే వైపు సాగింది. పైరోవిద్యుత్ స్ఫటికాన్ని తక్కువ పీడనం గల వాయువులో వేడిచేసినా చల్లార్చినా దాని ముఖం మీద పరిహారం లేని ఆవేశం పేరుకుంటుంది. అక్కడ వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు లోహాన్నో స్ఫటికాన్నో ఢీకొంటే ఎక్స్ కిరణాలు పుడతాయి. 1992లో జేమ్స్ బ్రౌన్‌రిడ్జ్ ఈ విధంగా ఎక్స్ కిరణాల జనకాన్ని తయారుచేయవచ్చని చూపాడు. దీని ఆధారంగా అరచేతిలో ఇమిడే ఎక్స్ కిరణ జనకాలు మార్కెట్లోకి వచ్చాయి.

2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌కు చెందిన నరంజో, గిమ్‌జెవ్‌స్కీ, పుటర్‌మన్ లిథియం టాంటలేట్ స్ఫటికాన్ని డ్యూటీరియం వాయువులో వేడిచేశారు. స్ఫటికానికి అమర్చిన సన్నని టంగ్‌స్టన్ మొన దగ్గర డ్యూటీరియం అయాన్లు ఏర్పడి, డ్యూటీరియం ఉన్న లక్ష్యం వైపు దూసుకెళ్లి కేంద్రక సంలీనాన్ని కలిగించాయి. న్యూట్రాన్లు వెలువడ్డాయి. వెలువడిన శక్తి వినియోగించిన శక్తి కన్నా ఎంతో తక్కువ. కాబట్టి ఇది విద్యుదుత్పత్తికి మార్గం కాదు. చిన్న న్యూట్రాన్ జనకంగానే దీనికి విలువ ఉంది. నిప్పుల్లో బూడిదను లాగిన టూర్మలైన్‌లో పనిచేసిన సూత్రమే ఇక్కడా పనిచేసింది.

9. సారాంశం

ఫెర్రోవిద్యుత్ పదార్థాలలో ధ్రువణం వేగంగా మారినప్పుడు ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. 1960 నుంచి నమోదైన ఈ బలహీన ఉద్గారం నేరుగా ధ్రువణానికి సంబంధించినది. 1988–89లో సెర్న్‌లో వెలుగులోకి వచ్చిన బలమైన ఉద్గారాన్ని మొదట ఇదే కారణంతో వివరించారు. అందుబాటులో ఉన్న ఆవేశపు లెక్క ఆ వివరణను సమర్థిస్తున్నట్లు కనిపించింది. చైల్డ్–లాంగ్‌మూర్ హద్దును మించిన ప్రవాహం, లోహపు అంచుల్లో క్షేత్రం పెరగడం, కాంతి, అయాన్లు, అన్నిటికన్నా మించి ధ్రువణం లేని ప్రావస్థలోనూ ఉద్గారం కొనసాగడం ప్లాస్మాయే మూలమని తేల్చాయి. పరిమాణం సరిపోవడం ఒక వివరణకు అవసరమే కాని అది ఒక్కటే చాలదు. మీ ప్రయోగశాల రికార్డులో ఒక ఫలితానికి కారణం రాసేటప్పుడు, ఆ కారణాన్ని తొలగిస్తే ఫలితం ఏమవుతుందో కూడా ఆలోచించండి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఫెర్రోవిద్యుత్ పదార్థాల ఆవిష్కరణ చరిత్రను వివరించండి.
2. ఫెర్రోవిద్యుత్ సిరామిక్‌ల బలమైన ఉద్గారానికి ఇచ్చిన రెండు వివరణలను పోల్చి, వాటిలో ఒకటి ఎలా నిలిచిందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. పరిహార ఆవేశాలు అంటే ఏమిటి? ధ్రువణం హఠాత్తుగా మారినప్పుడు వాటి పరిస్థితి ఏమిటి?
2. సిరామిక్ మందం 0.5 మిల్లీమీటరు, వోల్టేజీ 1000 వోల్టులు, రోధక స్థిరాంకం 2000 అయితే లోహపు అంచు వద్ద గల సూక్ష్మమైన ఖాళీలో విద్యుత్ క్షేత్రాన్ని లెక్కించండి.
3. బలహీన, బలమైన ఉద్గారాల మధ్య భేదాలను తెలపండి.